సూచన: మామూలుదే

ఆదివారం పొద్దున నేను దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేసి కిందికి వచ్చేసరికి, మా ఆయన నా కంప్యూటర్‌లో ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేసేసి, చేతులు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. "చూడు బంగారం, పాతది పీకేసి కొత్త వెర్షన్ వేశా. ఇక పరుగెడుతుంది," అన్నాడు. నేను తడి చేతులు అతని చొక్కాకే తుడిచేసి, మెడ చుట్టూ వేసి, థాంక్యూ చెప్పాను. ఆ థాంక్యూ తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సోమవారం పది గంటలకి, ఇంటి పని ఒక కొలిక్కి వచ్చాక కూర్చున్నాను. ఫిల్టర్ల మెనూ తెరిచి కిందికి జరిపాను. మళ్ళీ పైకి జరిపాను. నా ప్లగిన్ లేదు. ఆ పేరు ఉండాల్సిన చోట పైదీ కిందదీ దగ్గరికి జరిగి కూర్చున్నాయి, పన్ను ఊడాక పక్క పళ్ళు జరిగినట్టు.

సాఫ్ట్‌వేర్‌కి విడిగా తగిలించుకునే ఆ చిన్న ముక్క, ఆ ప్లగిన్, లేకపోతే నా పని లేదు. ఒక ఆసుపత్రి నర్సింగ్ స్కూలు పుట్టి యాభై ఏళ్ళయిందని పుస్తకం వేస్తున్నారు. పాత ఫొటోల అసలు కాపీలు వానకి తడిసి పోయాయట. మిగిలినవి ఎప్పుడో ఒక పత్రికలో అచ్చయిన బొమ్మలే. అచ్చు బొమ్మని స్కాన్ చేస్తే మొహం కనిపించదు, చుక్కలు కనిపిస్తాయి. దగ్గరికి లాగితే కన్ను పన్నెండు చుక్కలు, ముక్కు ఏడు చుక్కలు. ఆ చుక్కల్ని కరిగించి, వెనకున్న మనిషిని పాడు చేయకుండా బయటికి తేవడం నా ప్లగిన్‌కి తెలుసు. కాలేజీ రోజుల నుంచీ నా పెన్ డ్రైవ్‌లో దాచుకున్నదది. తయారుచేసిన వాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. పాత సాఫ్ట్‌వేర్‌లో తప్ప పని చేయదు, పాత మ్యాక్ కంప్యూటర్ మీద తప్ప నిలబడదు. నాకున్నది పాత మ్యాకే కాబట్టి ఇన్నాళ్ళూ మేం ముగ్గురం హాయిగా ఉన్నాం. అరవై ఫొటోల్లో ఇంకా పదకొండు మిగిలాయి. సాయంత్రం నాలుగింటికి ప్రెస్సుకి పంపాలి.

ఈ మ్యాక్ నాకు పెళ్ళి కానుక. పెళ్ళయిన మొదటి వారంలో, తనకి ఆఫీసు వాళ్ళు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారని, దీన్ని శుభ్రంగా తుడిచి, ఎర్ర రిబ్బను కట్టి, కిటికీ పక్క బల్ల మీద పెట్టి నా కళ్ళు మూసి తీసుకెళ్ళాడు. "ఇక ఇది నీదే." ఆన్ చేయగానే తెర మీద రెండు గుండ్రాలు. ఒకటి అతని పేరు. రెండోది నా కోసం తను చేసిన ఖాతా. దానికి పిల్లిపిల్ల బొమ్మ పెట్టి, పేరు 'మా ఆవిడ' అని పెట్టాడు. నేను మురిసిపోయి దాన్ని ఫొటో తీసి స్నేహితురాళ్ళందరికీ పంపాను. నాకు చిన్న వాటికే పొంగిపోయే జబ్బుంది. గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా పొంగిపోతాను. అత్తయ్య ముందు అతన్ని 'మీరు' అని, తలుపు మూయగానే 'నువ్వు' అనడం కూడా నాకు పెద్ద సరదా, ఇంట్లోనే ఒక దొంగతనం చేస్తున్నట్టు.

కానీ రెండు గుండ్రాలూ ఒకటి కాదని తొందరగానే తెలిసింది. అతని ఖాతా యజమానిది. నాది వచ్చిపోయే మనిషిది. ఏం వేయాలన్నా, ఏం తీయాలన్నా, ఒక చిన్న తాళం బొమ్మ వచ్చి యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. కొత్త ఫాంట్ వేయాలన్నా అంతే. మొదట్లో అది కూడా బాగానే ఉండేది. అతను వెనక నుంచి వంగి, నా రెండు భుజాల మీదుగా చేతులు చాచి టైప్ చేసేవాడు. ఆ పది సెకన్లూ నేను కళ్ళు మూసుకుని అతని సబ్బు వాసన పీల్చేదాన్ని. కళ్ళు మూసుకున్నది వాసన కోసమే అనుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చూడకూడదన్న మర్యాద కూడా అందులో ఉందని తర్వాత తట్టింది.

పదింపావుకి ఫోన్ చేశాను. అత్తయ్య హాల్లో ఉన్నారు కాబట్టి 'మీరు'.

"ఏమండీ, ప్లగిన్ పోయింది. కొత్త వెర్షన్‌లో ఎక్కదు. పాతది నా పెన్ డ్రైవ్‌లో ఉంది, పక్కన ఇంకోటిగా వేసుకుంటా. పాస్‌వర్డ్ అడుగుతోంది."

"రీస్టార్ట్ చేశావా?"

"చేశాను."

"ఇంకోసారి చెయ్యి. ఒక్కోసారి అదే సర్దుకుంటుంది."

"సర్దుకోదండీ. కొత్త సాఫ్ట్‌వేర్ ఈ పాత ప్లగిన్‌ని చదవదు, అంతే. పాస్‌వర్డ్ చెప్పండి, నేను కొట్టుకుంటా."

"ఫోన్లో చెప్పకూడదమ్మా అలాంటివి. సాయంత్రం వచ్చి కొడతాగా."

"నాలుగింటికి పంపాలి."

"అబ్బా, నాలుక్కీ ఆరుకీ తేడా ఏముంది? చెప్పు వాళ్ళకి. ఏదో ఫొటోలేగా, ప్రాణం మీదకి వచ్చిందా?" తర్వాత గొంతు తగ్గించి, ముద్దుగా, "నీకు పాస్‌వర్డ్ ఎందుకు, నేనున్నాగా," అన్నాడు.

నేనున్నాగా. పెళ్ళిచూపులప్పుడు ఈ మాటకే నేను పడిపోయింది.

ఊరుకోలేదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడు మూడు మీటలు కలిపి నొక్కి పట్టి దాని పాత అలవాట్లన్నీ తుడిచేశాను. ప్లగిన్ ఫైల్‌ని ఎత్తుకెళ్ళి కొత్త సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో పడేయబోయాను, తాళం. పాత సాఫ్ట్‌వేర్‌ని నా సొంత ఫోల్డర్‌లోనే వేసుకుంటానన్నాను. సగం దాకా వెళ్ళి, తాళం. ఈలోగా తలుపు కొట్టి కొరియర్ మనిషి పక్కింటి వాళ్ళ పార్సెల్ ఇచ్చాడు, నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటానని వీధి మొత్తానికి తెలుసు. పొయ్యి మీద గిన్నె పొంగింది. డాబా మీద దుప్పట్లు గాలికి పక్కవాళ్ళ తీగ మీదికి వెళ్ళాయని అత్తయ్య కేకేశారు. దుప్పట్లు మడతపెట్టి తెచ్చేసరికి పదకొండున్నర. రెండోసారి ఫోన్ చేశాను, కట్ చేసి 'మీటింగ్' అని మెసేజ్ పెట్టాడు, పక్కన ఒక ముద్దు బొమ్మ. పావుగంట ఆగి మూడోసారి చేశాను. ఎత్తలేదు.

ప్రెస్సులో పుస్తకం చూసుకుంటున్న డిజైనర్‌కి చేశాను. ఆవిడకి ఒక పద్ధతి ఉంది: ఎవరి మాటా మధ్యలో ఆపదు, చివరిదాకా విని ఒక్క ప్రశ్న వేస్తుంది. నేను ప్లగిన్ గురించి, వెర్షన్ల గురించి గబగబా చెప్పి, "మా ఆయన వచ్చి పాస్‌వర్డ్ కొడితే అరగంటలో మొదలుపెట్టేస్తాను మేడమ్, ఆరున్నరకల్లా వచ్చేస్తారు," అన్నాను.

ఆవిడ ఆ ఒక్క ప్రశ్న వేసింది.

"మెషీన్ ఎవరిది?"

"నాదే."

"నాలుగింటికి అచ్చు ప్లేట్లకి పంపేస్తానమ్మా. నీవి రాకపోతే ఆ పదకొండూ చుక్కలతోనే వేస్తాను. ముందు పంపినవి చాలా బాగున్నాయి, వచ్చే పుస్తకం నుంచి నిన్నే పెట్టుకుందామనుకున్నా. కానీ పని నీకు ఇస్తే మీ ఆయన ఎప్పుడొస్తాడా అని నేను కూడా ఎదురుచూడాలంటే ఎలా? కోపంగా అనట్లేదు."

కోపంగా అన్నా బాగుండేది. నా చెవులు వేడెక్కాయి. చదువుకున్నదాన్ని, క్లాసులో అందరి మెషీన్లూ బాగుచేసినదాన్ని, ఫోన్లో బయటి మనిషికి 'మా ఆయన రావాలి' అని చెప్పాను. చిన్నప్పుడు సేల్స్ వాళ్ళు తలుపు కొడితే 'అమ్మ లేదు' అని చెప్పిన గొంతుతోనే చెప్పాను.

అప్పుడు ఒక సిగ్గులేని ఆశ పుట్టింది. కొత్త పెళ్ళికొడుకు కదా, పాస్‌వర్డ్ నా పేరే అయ్యుంటుందేమో. చెప్పడానికి మొహమాటపడుతున్నాడేమో. ఈ ఆలోచన రాగానే నా కోపం సగం దిగిపోయింది కూడా. నవ్వుకుంటూ నా పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగే ఆ చిన్న పెట్టె ఎడమకీ కుడికీ ఊగింది. ఈ మ్యాక్‌లలో అంతే, తప్పు కొడితే పెట్టె అడ్డంగా ఊగుతుంది, అచ్చం మనిషి తల ఊపి కాదన్నట్టు. పెళ్ళి తేదీ కొట్టాను. కాదంది. నా పేరూ పెళ్ళి తేదీ కలిపి కొట్టాను. కాదంది. మూడుసార్లు తప్పాక జాలిపడి, కింద చిన్న అక్షరాల్లో అతను ఎప్పుడో రాసుకున్న సూచన చూపించింది: మామూలుదే.

ఎవరికి మామూలు?

నిజానికి దెబ్బ తగిలింది పాస్‌వర్డ్ దొరకనందుకు కాదు. ఈ ఇంట్లో ఒక 'మామూలు' ఉంది, అది నాకంటే ముందు నుంచీ ఉంది, అందరూ దాని ప్రకారం నడుస్తున్నారు, నాకు మాత్రం అది ఏంటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రిబ్బన్ కట్టి ఇచ్చారని సంబరపడ్డాను. కరెంటు మీటరు పెట్టె తాళం ఎక్కడుంటుంది, అంటే 'మామూలు చోటే'. నెలకి సరుకులు ఎన్ని తేవాలి, అంటే 'మామూలుగానే'. నేను ఇల్లు మారాననుకున్నాను గానీ, వేరే వాళ్ళ అలవాట్లలోకి మారాను.

హాల్లోకి వచ్చి మంచినీళ్ళు తాగుతూ నిలబడ్డాను. అత్తయ్య టీవీ ముందు కూర్చుని, శబ్దం లేని వార్తలు చూస్తున్నారు. టీవీలో ఆవిడకి వచ్చేవి నాలుగు ఛానళ్ళే. రెండేళ్ళ కిందట ఆడపడుచు పిల్లాడు సెలవులకి వస్తే, వాడు పిచ్చివి చూడకుండా మా ఆయన పిల్లల లాక్ వేశాడు. పిల్లాడు వెళ్ళిపోయాడు, లాక్ ఉండిపోయింది. ఆవిడకి ఇష్టమైన పాత సినిమాల ఛానల్ దాని వెనక ఉంది. ఆదివారాలు కొడుకు తీరిగ్గా ఉన్నప్పుడు, 'ఒక్కసారి తీసిపెట్టరా' అని అడిగి చూసుకుంటారు.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?"

చెప్పాను. ఆవిడ సగం అర్థం చేసుకుని, "వాడొచ్చి కొడతాడులే. వాడికివన్నీ బాగా తెలుసు," అన్నారు. ఆ మాటలో కొడుకంటే గర్వం ఉంది. కళ్ళు మాత్రం నోళ్ళు కదులుతున్న వార్తల మీదే ఉన్నాయి. రెండేళ్ళుగా ఆవిడ ఇలాగే 'వాడొచ్చి కొడతాడు' అని ఎదురుచూస్తున్నారు. ఇంకో రెండేళ్ళకి నేను ఆ పక్క కుర్చీలో ఉంటాను. ఎంత హాయిగా ఉంటుందో కూడా తెలుస్తోంది. ఎవరూ కొట్టరు, తిట్టరు, ముద్దు బొమ్మలు పంపుతారు. నీళ్ళ గ్లాసు సగంలోనే పెట్టేశాను.

గదిలోకి వెళ్ళి తలుపేసి, మా కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను. నడుముకి గుత్తి వేలాడేది కాబట్టి మేం తాళాల మేడమ్ అనేవాళ్ళం. ప్రతి ఏడాదీ చివరి సంవత్సరం వాళ్ళు పాస్‌వర్డ్‌లు మార్చేసి వెళ్ళిపోయేవాళ్ళు. సెలవుల్లో ఆవిడ ఒక్కో పాత మ్యాక్ ముందూ కూర్చుని, రెండు మీటలు పట్టుకుని ఏదో చేసేది, జూన్‌కల్లా అన్నీ కొత్త పిల్లల్లా కళ్ళు తెరిచేవి.

"ఎవరే నువ్వు? ఓ, స్కానర్ పిల్లవా. పెళ్ళయిందటగా, చెప్పనే లేదు. ఏంటి సంగతి?"

చెప్పాను.

"ఎంత పాత మెషీన్?"

"పదేళ్ళు పైనే మేడమ్."

"అదృష్టవంతురాలివి. కొత్తవాటిలో ఈ వేషాలు కుదరవు. ఇంతకీ ఎవరిది? ఎవరిదో ఆఫీసుదైతే నేను చెప్పను."

"నాది. మా ఆయన కానుకగా ఇచ్చాడు."

"కానుకిచ్చి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడా?" నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది, తమాయించుకున్నాను. "విను. మీ ఆయనవి ఏవీ చెరపట్లేదు మనం. ఆయన ఫైళ్ళు ఆయనకుంటాయి, ఆయన ఖాతా ఆయనకుంటుంది. మెషీన్ లోపల ఒక బుల్లి ఫైలుంటుంది. 'నన్ను సెటప్ చేయడం అయిపోయింది, నా యజమాని ఫలానా' అని మెషీన్ తనకు తాను రాసుకున్న చీటీ అనుకో. ఆ ఒక్క చీటీ తీసేస్తే, మొదటిరోజు అనుకుని మళ్ళీ అడుగుతుంది, ఎవరమ్మా నువ్వు అని. అంతే. ఆఫ్ చెయ్యి. ఆన్ చేస్తూ రెండు మీటలు పట్టుకో. వదలకు."

పట్టుకున్నాను. ఎప్పుడూ వచ్చే బూడిదరంగు తెర బదులు, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వానలా కురిశాయి. భయమేసింది. అతని కాలేజీ ఫొటోలు, వాళ్ళ నాన్నగారివి, అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏదైనా అయితే 'నే చెప్పలా' అన్న మాట జీవితాంతం వినాలి. మేడమ్ ఒక్కో అక్షరం చెప్పింది, నేను ఒక్కోటి తిరిగి చదివి కొట్టాను.

"అక్కడ ఖాళీ వదిలావా?"

"వదిలాను."

"మళ్ళీ చూడు. ఆ ఖాళీ తప్పు చోట పడితే మనిద్దరం కలిసి ఏడవాలి."

చూశాను. రెండుసార్లు చూశాను. ఎంటర్ నొక్కాను. మెషీన్ ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. తెర నిండా రకరకాల భాషల్లో 'స్వాగతం' ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాలుగు నెలలుగా వాడుతున్న నా కంప్యూటర్ నాకు మొదటిసారి స్వాగతం చెప్పింది. ఫోన్ పట్టుకునే కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే చిన్న గంతు వేశాను.

"పూర్తి పేరు అడుగుతోంది మేడమ్."

"పేరు కూడా నేనే చెప్పాలా? పెట్టేస్తున్నా, ల్యాబ్‌లో పిల్లలు కొట్టుకుంటున్నారు."

పూర్తి పేరు రాశాను. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే, ఇనిషియల్‌తో సహా. కింద పాస్‌వర్డ్. దాని కింద, మర్చిపోతే గుర్తు చేయడానికి సూచన. అక్కడ కాసేపు ఆగి, ఒక ముక్క రాసి, ముందుకు నొక్కాను.

ఒంటిగంటకి పాత సాఫ్ట్‌వేర్ కొత్తదాని పక్కన ఎక్కింది. తాళం బొమ్మ అడిగింది, నా పేరు చెప్పాను, సరేనంది. ఫిల్టర్ల మెనూలో నా ప్లగిన్ తన చోట్లో ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. అన్నం తినలేదు. ఒక్కో ఫొటోకి నాలుగు నిమిషాలు ప్లగిన్ పని, పది నిమిషాలు నా చేతి పని. ఏడో ఫొటోలో ముందు వరసలో నిలబడ్డ ఒక నర్సు, చుక్కలున్నంతసేపూ కోపంగా ఉన్నట్టు కనిపించింది. చుక్కలు కరిగాక చూస్తే నవ్వు ఆపుకోలేక లోపలి నుంచి బుగ్గ కొరుక్కుంటోంది, చేత్తో పక్కమ్మాయి చిటికెన వేలు పట్టుకుని ఉంది. ఇన్నేళ్ళు ఎవరికీ తెలియని ఆ నవ్వు ముందు నేనే చూశాను. నాలుక్కి ఎనిమిది నిమిషాలుండగా పదకొండూ పంపాను. డిజైనర్ నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది: "అందాయి. గురువారం రా, తర్వాతి పుస్తకం మాట్లాడదాం."

ఆ తర్వాత రెండు పనులు చేశాను. నా ఫైళ్ళన్నీ కొత్త ఖాతాలోకి తెచ్చుకుని, పిల్లిపిల్ల ఖాతాని తీసేశాను. నిజంగా తీసేయాలా అని అడిగింది, అవునన్నాను. రెండోది, అతని పేరు పక్కన ఒక టిక్కు ఉంది, 'ఈ మెషీన్‌ని నిర్వహించవచ్చు' అని. దాని మీద చాలాసేపు బాణం పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో ఆదివారం, నేను ఇంకో దుప్పటి ఆరేసి వచ్చేసరికి, ఇంకో అప్‌డేట్ చేసి చేతులు దులుపుకుంటాడు. ప్రేమగానే చేస్తాడు. టిక్కు తీశాను. కోపంతో తీశానా అని నన్ను నేను అడిగితే, కొంచెం అదీ ఉంది, కాదనను.

టీ పెట్టుకుని హాల్లోకి వచ్చాను. అత్తయ్య, "అయిందా? వాడు లేకుండానే?" అన్నారు. అయిందన్నాను. ఆవిడ రిమోట్‌ని చీర కొంగుతో తుడుస్తూ, టీవీ వైపు చూస్తూ, "నా దానికి కూడా ఏమైనా ఉందేంటి అలాంటిది?" అన్నారు.

సొరుగులోంచి టీవీ పుస్తకం తీస్తే నాలుగో పేజీలోనే ఉంది. రిమోట్ మీద ఫలానా మీటలు వరసగా నొక్కితే లాక్ పోయి, కొత్త నాలుగంకెలు పెట్టుకోమంటుంది. ఆవిడే నొక్కారు. అంకెల దగ్గరికి వచ్చాక ఆగి, నా వైపు చూసి, "నువ్వు అటు తిరుగు," అన్నారు. తిరిగాను. నొక్కి, సినిమాల ఛానల్ పెట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నారు. "ఏం పెట్టారత్తయ్యా?" అంటే, "నీకెందుకే," అన్నారు, కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతూ.

ఆరున్నరకి అతను వచ్చాడు. చేతిలో నాకిష్టమైన ద్రాక్షపళ్ళు. "పద, పాస్‌వర్డ్ కొట్టేద్దాం. పొద్దున్నుంచీ ఎన్ని తిట్టుకున్నావో," అంటూ సరాసరి బల్ల దగ్గరికి వెళ్ళాడు. "అక్కర్లేదు, పంపేశాను," అన్నాను. వినిపించుకోలేదు. తెర మూలన అప్‌డేట్ ఉందన్న ఎర్ర చుక్క చూశాడు. "ఇదిగో, సిస్టమ్‌ది ఉండిపోయింది. అందుకే నీకు తిప్పలు. ఉండు, కొట్టేస్తా."

"వద్దు. అది వేస్తే నా ప్లగిన్ మళ్ళీ పోతుంది."

"నేను చూసుకుంటాగా." తన పేరు కొట్టాడు, తన మామూలుది కొట్టాడు. పెట్టె తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి, మెల్లగా, ఒక్కో అక్షరం. ఊపింది. "ఇదేంటి? ఏం చేశావు దీన్ని?"

చేసింది మొత్తం చెప్పాను, ఏ మీటలు పట్టుకున్నానో, ఏ చీటీ తీశానో, ఏ టిక్కు తీశానో, ఎందుకో. హాల్లో అత్తయ్యకి వినపడుతుందని తెలిసీ 'నువ్వు' అనే చెప్పాను.

అతని మొహంలో ద్రాక్షపళ్ళు తెచ్చిన మనిషి పోయి వేరే ఎవరో వచ్చారు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"పొద్దున్నించి మూడుసార్లు ఫోన్ చేశాను."

కాసేపటికి అతనే నవ్వు తెచ్చుకున్నాడు. "సరే ఆగు. నీ పాస్‌వర్డ్ నాకు తెలీదా ఏంటి." నా పేరు కొట్టి, కింద పెట్టెలో ఏదో టైప్ చేశాడు. వేళ్ళు చూస్తే తెలిసిపోయింది, తన పేరు. పెట్టె కాదంది. పెళ్ళి తేదీ. కాదంది. బంగారం అని కొట్టాడు, కాస్త ఆలస్యంగా. కాదంది. నాకు అతని మీద నిజంగా జాలేసింది, మధ్యాహ్నం నేనూ ఇదే వరసలో ఈ కుర్చీలోనే కూర్చున్నాను.

మూడు తప్పాక కింద చిన్న అక్షరాలు వచ్చాయి, నేను రాసిన సూచన: అడిగితే చెప్తాను.

హాల్లో సినిమాలో ఎవరో ఏదో అన్నారు, అత్తయ్య పకపకా నవ్వారు. అతను ఆ రెండు మాటలూ చదివాడు. తల తిప్పి నన్ను చూశాడు. నేను బల్లకి ఆనుకుని, చెప్పడానికి సిద్ధంగానే నిలబడ్డాను. అతను మళ్ళీ తెర వైపు తిరిగి, కీబోర్డుని దగ్గరికి లాక్కుని, నాలుగోసారి ఏదో కొట్టడం మొదలుపెట్టాడు.